ఎవరిదో ఒక ఓటు

నల్లచెలక తండాకు రిటర్నింగ్ అధికారిగా వేసిన ఉత్తర్వు చేతికొచ్చేసరికి హేమలత ముదిగొండ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి త్రిభుజాల పాఠం చెబుతోంది. అటెండర్ ఇచ్చిన కాగితం చదివింది. మళ్లీ చదివింది. దాన్ని హాజరు పట్టీలో పెట్టి, బోర్డు మీద సగంలో ఆగిన త్రిభుజానికి మూడో గీత గీసింది. అది కాస్త వంకరగా వచ్చిందని పిల్లలు నవ్వారు.

పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె ఐదుసార్లు ఎన్నికల డ్యూటీ చేసింది. ఐదుసార్లూ వేలికి సిరా పూసే పనే. ఎవరు ఓటేశారో చూడటం, వేలు పట్టుకోవడం, చుక్క పెట్టడం. ఈసారి అలా కాదు. పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ జరిపించడం, అదే రోజు ఓట్లు లెక్కపెట్టడం, గెలిచినవారి పేరు చదవడం, అన్నీ రిటర్నింగ్ అధికారి చేతుల మీదుగానే నడుస్తాయి. శిక్షణకు రెండుసార్లు ఖమ్మం వెళ్లొచ్చింది. ఎన్నికల సంఘం ఇచ్చిన చేతిపుస్తకాన్ని అన్నం తింటూ కూడా చదువుతుంటే భర్త బాలకృష్ణ, "పరీక్ష తండావాళ్లకా, నీకా?" అని ఏడిపించాడు.

"నాకే," అంది హేమలత నవ్వకుండా.

తండా ఏన్కూరు దాటి అడవి వైపు తిరిగిన దారిలో ఉంది. ఒక పక్క టేకు చెట్లు, ఇంకో పక్క పత్తి, మిర్చి చేలు. నాలుగువందల చిల్లర ఓట్లు. సర్పంచ్ పదవి గిరిజన మహిళకు కేటాయించారు. పోటీలో ఇద్దరే. ఒకరు ద్వాలి. నలభై దాటిన మనిషి, భర్త రాందాస్‌తో కలిసి మిర్చి తోట చేస్తుంది. రెండో ఆమె సక్రి. ద్వాలి కన్నా పదేళ్లు చిన్న, ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని తండా ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త రూప్‌సింగ్ సత్తుపల్లి దగ్గర ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఎన్నికల కోసం నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. ద్వాలి ఇల్లూ సక్రి ఇల్లూ ఎదురెదురు. నడుమ ఎడ్లబండి పట్టేంత దారి.

గుర్తులు పేర్ల అక్షరాల వరుసలో వస్తాయి కాబట్టి ద్వాలికి ఉంగరం, సక్రికి కత్తెర వచ్చాయి. కుట్టుపని చేసే మనిషికి కత్తెర రావడంతో రూప్‌సింగ్ అప్పుడే గెలిచినంత సంబరపడ్డాడు. ఇంటింటికీ తిరిగి కత్తెర బొమ్మ అంటించాడు. పాపం ద్వాలి వేలికి ఉంగరమే లేదు. మిర్చి ఏరే చేతికి ఉంగరం అడ్డమని ఎప్పుడో తీసిపెట్టింది. కోడలిది తొడుక్కుంటే కణుపు దాటలేదు. దాన్నే చిటికెన వేలికి తగిలించుకుని ఓటర్లకు చూపిస్తూ తిరిగింది. ఈ కబుర్లన్నీ హేమలతకు ముందురోజు సామాన్లతో తండాలో దిగిన గంటలోనే తెలిసిపోయాయి. బడి వంటమనిషి టీ పోస్తూ మొత్తం చెప్పేసింది.

ఆమె బృందంలో అందరికన్నా పెద్దవాడు కుమారస్వామి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, వచ్చే జూన్‌లో రిటైరవుతాడు. ఇరవై ఎన్నికలు చేశానని చెప్పుకుంటాడు. పెట్టెలు సరిచూసుకుంటున్న హేమలతతో అన్నాడు: "మేడం, ఒక్క మాట యాదిపెట్టుకోండ్రి. ఎన్నికల్ల మనం పొద్దుగూకక ముందే బస్సెక్కాలె. గంతే. మిగతాదంతా అదే సర్దుకుంటది."

పొద్దున ఏడింటికి పోలింగ్ మొదలైంది. డిసెంబరు చలికి శాలువాలు కప్పుకుని ముసలివాళ్లే ముందుగా వచ్చారు. బడిలో గదులు చాలక వరండా ముందు టెంట్లు కట్టారు. హేమలత ఒక చోట నిలబడలేదు. ఓటేసే అరలోకి భార్యతో పాటు భర్త తొంగిచూస్తే వెనక్కి పంపింది. "ఆమెకు చదువు రాదు మేడం," అన్నాడొకాయన. "గుర్తులకు చదువెందుకండీ, కళ్లుంటే చాలు," అంది. ఆయన భార్య లోపల కిసుక్కున నవ్వడం వరండా అంతటికీ వినిపించింది.

ఒంటిగంటకు గేటు మూయాలి. పన్నెండు యాభై ఎనిమిదికి ఒక ట్రాలీ ఆటో దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పొరుగు మండలానికి మిర్చి ఏరడానికి పోయిన పంతొమ్మిది మంది ఆడవాళ్లు దూకినట్టుగా దిగారు.

రూప్‌సింగ్ పరిగెత్తుకొచ్చాడు. "టైం అయిపోయింది మేడం! గేటు బంద్ చేయుండ్రి!"

హేమలత గడియారం చూపించింది. "ఇంకా రెండు నిమిషాలుంది. లోపలికి రండమ్మా, జల్దీ రండి."

అందరికీ చీటీలు ఇచ్చి వరసలో నిలబెట్టి గేటు మూయించింది. ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకు రాందాస్ తమ్ముడొకడు బండి మీద వచ్చాడు. ఈసారి బతిమాలడం రాందాస్ వంతయింది. "నాలుగంటే నాలుగు నిమిషాలే కదా మేడం. పంక్చరైందట."

"ఒంటిగంట అంటే ఒంటిగంటేనండీ," అంది.

రాందాస్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రెండు పక్షాలూ తన మీద సమానంగా కోపంగా ఉన్నాయని హేమలతకు అర్థమైంది. దాంతో ఎందుకో మనసు తేలికపడి, పెరుగన్నం తృప్తిగా తింది.

రెండింటికి లెక్కింపు మొదలైంది. పెద్ద గదిలో బల్లలు కలిపి వేశారు. అభ్యర్థులిద్దరూ గోడ పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఇంకో బెంచీ లేక. ఏజెంట్లుగా రాందాస్, రూప్‌సింగ్ బల్లకు చెరోవైపు నిలబడ్డారు. బయట గోడ నీడలో డప్పుల వాళ్లు కూర్చున్నారు. చుట్టుపక్కల ఆ ఒక్క బృందమే దొరికింది కాబట్టి ఇద్దరూ వాళ్లనే మాట్లాడుకున్నారు. ఎవరు గెలిస్తే వాళ్ల ముందు వాయించడమన్నది ఒప్పందం. లోపలి నుంచి చిన్న అలికిడి వచ్చినా డప్పు మీద రెండు దెబ్బలు వేసి, ఏమీ లేదని తెలిసి ఆపేస్తున్నారు.

ముందు వార్డుల తెల్ల బ్యాలెట్లు అయిపోయాయి. తరువాత సర్పంచ్‌వి. గులాబీ రంగు కాగితాలన్నీ కలిపేసి, ఒక్కొక్కటే విప్పి, ఇద్దరికీ చూపించి, ఉంగరం ఒక పక్క, కత్తెర ఒక పక్క పెట్టారు. ఇరవై అయిదేసి కట్టలు కట్టారు. ఉంగరానికి నాలుగు కట్టలు, కత్తెరకు నాలుగు. ఆరు, ఆరు. ఏడు, ఏడు. బెంచీ మీద ద్వాలి తమలపాకు నములుతూ, ఇంకో ఆకు సక్రికి ఇచ్చింది. సక్రి అది చేతిలో పట్టుకునే కూర్చుంది.

మొత్తం పోలైనవి మూడువందల ఎనభై ఒకటి. ఉంగరానికి నూట ఎనభై ఏడు. కత్తెరకు నూట ఎనభై ఏడు. ఎవరికీ వద్దని వేసినవి రెండు. ఏ ముద్రా లేనివి, వెనక వైపు వేసినవి కలిపి నాలుగు చెల్లనివి. అనుమానమని పక్కన పెట్టింది ఒకటి.

ఆ ఒక్కదాన్ని కుమారస్వామి బల్ల మధ్యలో పరిచాడు. ఉంగరం గడిలో ఒక ముద్ర, కత్తెర గడిలో ఒక ముద్ర. ఉంగరం మీదిది అలుక్కుపోయి మసకగా ఉంది. కత్తెర మీదిది స్పష్టంగా ఉంది.

"కత్తెరది!" అన్నాడు రూప్‌సింగ్. "మంచిగ కనవడుతుంది. మేం గెలిచినం!"

"ఏంది గెలిచేది? ఉంగరం మీద లేదా ముద్ర?" అన్నాడు రాందాస్.

"అది మరక."

"నీది మరక!"

బయట డప్పు మోగింది. గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ బయటికెళ్లి ఆపించాడు.

కుమారస్వామి హేమలత దగ్గరికి వంగి నెమ్మదిగా అన్నాడు. "రెండు దిక్కుల ముద్ర పడ్డది మేడం. చెల్లదని రాసేద్దాం. ఇద్దరూ సమానమైతరు. లాటరీ తీద్దాం. అయిదింటి కల్లా బస్సు."

హేమలతకు కూడా అదే సులువనిపించింది. చీటీలు తీయడం నియమాల్లో ఉన్నదే. ఓట్లు సమానమైతే అదే చేయాలి. ఎవరి పేరొస్తే వాళ్ల అదృష్టం. తన మీద ఎవరికీ కోపం ఉండదు. పై అధికారిని ఒకమాట అడుగుదామని మండల కార్యాలయానికి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"చెల్లదని లాటరీ తీస్తే గొడవ తక్కువమ్మా. నా సలహా అదే. కానీ ఒకటి చెప్తున్నా. ఈ ఓటు చెల్లుతుందా లేదా అని తేల్చాల్సింది నువ్వే. నేను ఆర్డర్ వేయలేను, వేయకూడదు. నువ్వేం చేసినా కారణం కాగితం మీద రాయి," అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి రాందాస్, రూప్‌సింగ్ మూలకు పోయి గుసగుసలాడుకుంటున్నారు. అంతదాకా అరుచుకున్నవాళ్లు ఇప్పుడు తలలు దగ్గరపెట్టి తమ లంబాడీ భాషలో మాట్లాడుకుంటున్నారు. ఎదురుగా ఉన్న మేడానికి ఆ భాష రాదని వాళ్ల ధీమా. హేమలత పుట్టింది ఇలాంటి ఇంకో తండాలోనే. ఆ భాషలోనే ఆమెకు జోలపాటలు పాడారు.

"ఈ మేడం కొత్తది, భయపడుతుంది," అంటున్నాడు రూప్‌సింగ్. "గట్టిగా అడిగితే చీటీకి ఒప్పుకుంటుంది. ఓడితే నసీబు బాలేదనుకోవచ్చు. ఓట్లతో ఓడిపోతే తండాలో మొహమెట్లా ఎత్తుకు తిరుగుతాం?"

"నిజమే," అన్నాడు రాందాస్. "చీటీతో ఎవరికీ పరువు పోదు."

ఇద్దరూ తిరిగొచ్చి పక్కపక్కన నిలబడ్డారు. "మేడం, మేమిద్దరం ఒక మాట అనుకున్నం," అన్నాడు రూప్‌సింగ్ తెలుగులో, ఎంతో మర్యాదగా. "ఆ కాయితం పక్కన పడేయుండ్రి. చీటీ తీయుండ్రి. ఎవరికి వచ్చినా ఇంకొకళ్లు కిరికిరి పెట్టం."

"అవ్ మేడం," అన్నాడు రాందాస్.

కుమారస్వామి అప్పుడే కాగితం చింపి రెండు చీటీలు చేస్తున్నాడు.

హేమలత ఆ గులాబీ కాగితం వైపు చూసింది. పొద్దున్నుంచి ఎంతమంది వచ్చారు! కర్ర పట్టుకుని వచ్చినవాళ్లున్నారు, చంటిపిల్లను చంకనేసుకుని వచ్చినవాళ్లున్నారు, ఆటో దిగి రొప్పుతూ వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఒకరు ఈ కాగితం పట్టుకుని అరలోకి పోయారు. ఒక గుర్తు చూసుకుని ముద్ర వేశారు. ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలో లేరు. ఉన్నా నాది అని చెప్పకూడదు.

"రూప్‌సింగ్ గారూ, ఈ ఓటు మీదా?" అని అడిగింది.

"నాది కాదు మేడం."

"రాందాస్ గారూ, మీదా?"

"కాదు."

"మరి మీది కానిదాన్ని మీరిద్దరూ కలిసి ఎట్లా వదులుకుంటారు?"

చీటీలు మడుస్తున్న కుమారస్వామి చేయి ఆగిపోయింది.

"చీటీ తీయాల్సి వస్తే నేనే తీస్తాను," అంది హేమలత. "ముందు ఈ ఓటు ఎవరికి వేశారో తెలుస్తుందేమో చూద్దాం. తెలియకపోతే అప్పుడు చెల్లదని రాస్తాను. భయపడి మాత్రం రాయను."

ఆఖరి మాట అనేటప్పుడు ఆమె రూప్‌సింగ్ కళ్లలోకి చూసింది. అతను ఒక్క క్షణం ఉలిక్కిపడి, మూలవైపు, మళ్లీ ఆమెవైపు చూశాడు.

కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టింది. మడతలు చూసింది. బ్యాలెట్‌ను ముందు నిలువుగా మడవాలని పొద్దున అందరికీ చెప్పారు. ఈ ఓటరు ముందు అడ్డంగా మడిచారు, ఉంగరం గడికీ కత్తెర గడికీ మధ్య గీత మీదుగా. అంటే పై గడి బోర్లా తిరిగి కింది గడి మీద పడింది. తడి సిరా ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంది. ఓటరు వేసిన ముద్ర ఒకటే. అయితే ఆ ఒకటీ పైదా, కిందిదా?

హేమలత రెండు ముద్రలనూ మార్చి మార్చి చూసింది. చేతిపుస్తకంలో ఒక బొమ్మ గుర్తొచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. చదివి, కుమారస్వామిని పిలిచి, పోలింగులో వాడిన రబ్బరు ముద్ర, సిరా ప్యాడ్, ఒక మామూలు తెల్ల కాగితం తెమ్మంది. కాగితం మీద పెన్నుతో రెండు గడులు గీసింది.

"ఎవరైనా ఒకరు రండి. పై గడిలో ముద్ర వేసి, మధ్యలో మడవండి."

భర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బెంచీ మీంచి సక్రి లేచింది. చేతిలోని తమలపాకు ద్వాలికి తిరిగిచ్చి, చేయి చీరకు తుడుచుకుని వచ్చి, ముద్ర గట్టిగా ఒత్తి కాగితం మడిచింది. విప్పింది. కింది గడిలో రెండో ముద్ర పడి ఉంది.

"ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయా చూడమ్మా."

సక్రి కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. బ్యాలెట్ ముద్ర స్వస్తిక్ గుర్తులా ఉంటుంది. నాలుగు చేతులు, నాలుగూ ఒకే వైపుకు వంగి ఉంటాయి. ఆమె వేసిన ముద్రలో పైచేయి కొస కుడివైపు తిరిగింది. మడతలో అంటుకున్నదాంట్లో ఎడమవైపు తిరిగింది.

"ఇది సీదా," అంది సక్రి పై ముద్ర మీద వేలు పెట్టి. "ఇది ఉల్టా."

"అవునా? ఇప్పుడు దీన్ని చూడు. ముట్టుకోకుండా చూడు." హేమలత బ్యాలెట్‌ను ఆమె ముందు పరిచింది.

గదిలో అందరూ బల్ల మీదికి వంగారు. ద్వాలి కూడా లేచి వచ్చింది. సక్రి చాలాసేపు చూసింది. ముందు కత్తెర గడి చూసింది. అక్కడ ముద్ర ముచ్చటగా, అంచులతో సహా కనిపిస్తోంది. తరువాత ఉంగరం గడి చూసింది. ఎవరిదో బొటనవేలు తగిలి సిరా అలుక్కుపోయింది. అయినా పైచేయి ఎటు వంగిందో తెలుస్తూనే ఉంది. సక్రి మొహంలో రంగు మారింది. ఆమెకు అర్థమైందని హేమలతకు తెలిసింది. ఇంకేమీ అడగలేదు.

"ఏందే? చెప్పు," అన్నాడు రూప్‌సింగ్. "కత్తెరదే కదా?"

సక్రి తల ఎత్తలేదు. "కత్తెర మీదిది ఉల్టా పడ్డది."

"ఏంది?"

"ఉంగరం మీదిదే సీదా. ద్వాలక్కకే వేసిండ్రు. మడతల మన దాని మీద అంటింది."

"మంచిగ చూడు! మనది ఎంత సాఫ్‌గ ఉందో!"

"సాఫ్‌గ ఉంటే సీదా అయితదా? గుడ్డకు ఏది సీదనో ఏది ఉల్టనో తెల్వకుంటె నేను జాకెట్లు ఎట్ల కుడుతున్ననయ్యా ఇన్నేండ్ల సంది?"

"నువ్వు ఎవరి దిక్కు మాట్లాడుతున్నవ్?"

"కాయితం దిక్కు," అంది సక్రి.

రూప్‌సింగ్ ఒక్క ఉదుటున సిరా ప్యాడ్ అందుకుని, తెల్ల కాగితం మీద తనే ముద్ర వేసి మడిచి చూశాడు. ఉల్టా పడింది. ఇంకోటి వేశాడు. అదీ ఉల్టానే. నాలుగోసారికి వేళ్లన్నీ ఊదారంగులోకి మారాయి. చివరికి కుర్చీలో కూలబడి, "గనిల బండి రివర్స్ పోతే కనీసం హారన్ కొడతది. ఇది చప్పుడు లేకుండ తిరిగింది," అన్నాడు. కానిస్టేబుల్ ముందుగా నవ్వాడు. తరువాత రాందాస్ నవ్వబోయి, మర్యాద కాదని ఆపుకున్నాడు.

కుమారస్వామి తన చీటీలు రెండూ జేబులో దాచేశాడు. "ఇరవై ఎన్నికల్ల ఈ ముద్రను వేల మందికి ఇచ్చిన మేడం," అన్నాడు నెమ్మదిగా. "గిట్ల ఎందుకు చెక్కిండ్రో ఒక్కసారన్నా ఆలోచన చేయలే."

"ఎవరో ఆలోచించారు సార్. మన అదృష్టం."

రూప్‌సింగ్ మళ్లీ లేచాడు. "మళ్లొకసారి లెక్క పెట్టుండ్రి. అడిగే హక్కుంది కదా మాకు?"

"ఉంది. రాసివ్వండి."

రాసిచ్చాడు. హేమలత కట్టలన్నీ విప్పించింది. బస్సు సంగతి కుమారస్వామి ఈసారి ఎత్తలేదు. అతనే ఒక్కో కాగితాన్నీ రెండు పక్షాలకూ చూపిస్తూ, అంకెలు బిగ్గరగా పలుకుతూ లెక్కపెట్టాడు. చెల్లని నాలుగింటినీ కూడా రూప్‌సింగ్ తిప్పి తిప్పి చూశాడు. ఆ ముప్పావుగంటా హేమలత కూర్చోలేదు. ఒక్క కాగితం అటూ ఇటూ అయితే? ఏదీ కాలేదు. ఉంగరం నూట ఎనభై ఎనిమిది. కత్తెర నూట ఎనభై ఏడు.

ఆమె నిలబడి పేరు చదివింది. "ఒక్క ఓటు ఆధిక్యంతో ద్వాలి గారు నల్లచెలక తండా సర్పంచ్‌గా ఎన్నికైనట్టు ప్రకటిస్తున్నాను."

ద్వాలి వెంటనే నమ్మలేదు. "ఒక్కటేనా మేడం?"

"ఒక్కటే."

"ఒక్కదానితోని సర్పంచ్ అయితరా?"

"అయితరక్కా," అంది పక్కనుంచి సక్రి. "నేను అయితుంటిని కదా, అదే ఇటు పడితే." అలా అంటూ నవ్వబోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ద్వాలి ఆమె భుజం మీద చేయి వేసి దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించుకుని కాసేపు ఏడ్చారు. ఓడినామె ఏడవడం సరే, గెలిచినామె ఎందుకు ఏడుస్తోందో రాందాస్‌కు అర్థం కాలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హేమలత కూర్చుని కారణాలన్నీ ఒక పేజీలో రాసింది. మడత ఎక్కడుంది, ఏ ముద్ర ఎటు తిరిగింది, ఎవరి సమక్షంలో చూశారు. రూప్‌సింగ్‌కు చదవమని ఇచ్చింది. "మీకు నమ్మకం కుదరకపోతే గడువులోగా ట్రిబ్యునల్‌కు పోవచ్చు. నకలు కావాలంటే దరఖాస్తు ఇవ్వండి. నేను తప్పు చేసి ఉంటే వాళ్లు చెప్తారు."

అతను మొత్తం చదివాడు. ఏజెంటు సంతకం చేసేచోట ఊదారంగు వేలిముద్రలు అంటకుండా జాగ్రత్తగా సంతకం పెట్టాడు. కాగితం తిరిగిస్తూ గొంతు తగ్గించి అడిగాడు: "మేడం, మా మాట మీకు వస్తదా?"

హేమలత అప్పుడు తన భాషలో జవాబు చెప్పింది. "జోలపాట నుంచీ వస్తుంది అన్నా. కొత్తదాన్నే. భయం కూడా వేసింది. అదొక్కటి నువ్వు సరిగ్గానే పట్టావు."

రూప్‌సింగ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దాంతో ఆ ఊదారంగంతా బుగ్గలకు పూసుకుపోయింది. అతను బయటికి రాగానే జనం చూసి, లోపల ఏదో పెద్ద గొడవే జరిగిందనుకున్నారు. సక్రి కొంగుతో తుడవబోయి ఇంకా ఎక్కువ చేసింది.

డప్పులు మొదలయ్యాయి. ద్వాలి ఇంటి ముందు వాయిస్తే సక్రి ఇంటి ముందు వాయించినట్టే, నడుమ ఉన్నది బండిబాటే కాబట్టి. డప్పుల వాళ్లు ఒక పాటకు అటు తిరిగి, ఒక పాటకు ఇటు తిరిగి న్యాయం చేశారు. పెట్టెలు సీలు వేసి బస్సెక్కేసరికి అడవి మీద ఎర్రటి ఎండ ఇంకా కొంచెం మిగిలుంది. కుమారస్వామి కిటికీ పక్క సీటు హేమలతకు ఇచ్చి, ఏన్కూరు వచ్చేదాకా చేతిపుస్తకం చదువుతూ కూర్చున్నాడు.

పది రోజుల తరువాత, బడి వదిలే వేళకు హేమలతకు ఫోన్ వచ్చింది. ద్వాలి.

"మేడం, ఒక పరేషాన్ వచ్చింది. మీరే చెప్పాలె."

హేమలత చేతిలోని హాజరు పట్టీ కింద పెట్టింది. "ఏమైందమ్మా? కేసు వేశారా?"

"కేసు లేదు, గీసు లేదు. రూప్‌సింగ్ డ్యూటీకి పోయిండు. అది కాదు. ఆ ఒక్క ఓటు ఉంది కదా, మడత పడ్డది? అది నాదే అని తండల పదకొండు మంది చెప్తున్నరు."

"పదకొండు మందా?"

"అవ్. ఒకరోజు జమ్లవ్వ వచ్చింది, 'అడ్డం మడిచింది నేనే, నా ఇంటి ముందు లైటు పెట్టియ్యి' అన్నది. సరే అన్న. తెల్లారి సీతయ్య వచ్చిండు, 'నా వల్లనే సర్పంచ్ అయినవ్, మా గల్లీల మురుగు ఆగింది, మోరీ తీపియ్యి' అన్నడు. ఇగ రోజుకొకళ్లు. నిన్న ఇద్దరు మా వాకిట్లనే కొట్లాడుకున్నరు, ఎవరు మడిచిండ్రని. నిజంగ ఎవరిది మేడం? మీ దాంట్ల రాసి ఉంటది కదా?"

హేమలతకు నవ్వు ఆగలేదు. స్టాఫ్‌రూంలో వాళ్లంతా తిరిగి చూశారు. "లేదమ్మా. ఎక్కడా రాసి ఉండదు. నాకు తెలియదు, ఆఫీసులో తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండాలనే ఇంత తతంగం."

అవతల వెనకాల కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. ద్వాలి ఫోన్ పక్కకు తిప్పి, "తెల్వదంట," అని ఎవరికో చెప్పింది. మిషన్ ఆగింది.

"గట్లయితే ఎట్లనక్కా?" అని సక్రి గొంతు.

"ఎట్లేముంది," అంది ద్వాలి పెద్ద నిట్టూర్పుతో. "ఎవరిదో తెల్వనప్పుడు అందరిండ్ల ముందట పెట్టాలె లైట్లు. మీ ఇంటి ముందట గూడ."

"మా ఇంటి లైటు వెలుగు మీ వాకిట్లకే పడతదిలే. ఒక్కటి మిగిలినట్టే," అంది సక్రి. మిషన్ మళ్లీ తిరగడం మొదలైంది.